మంచు బరువు

ఏడో వాడలో అడుగు పెట్టే ముందు పోలిరాజు తనని తాను తీసేసుకున్నాడు. గుమ్మం పలక మీద నిలబడి నడుముకున్న బిళ్ళను తాకించాడు. అరవై మూడు కిలోల నాలుగు వందలు. పలక ఒకసారి పచ్చగా మెరిసి ఆరిపోయింది. ఇక సాయంత్రం మళ్ళీ ఈ పలక మీద నిలబడేదాకా వాడ లెక్కలో అతను లేడు. తిరుగుతాడు, మాట్లాడతాడు, ఎవరైనా ఇంత పెడితే తింటాడు, కానీ బరువుండదు. వాడల బరువు లెక్క చూసే తూకరి ఉద్యోగంలో మొదటి పాఠం అదే. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే మాయమవడం, చీకటి పడేవేళకు మళ్ళీ మనిషి కావడం అతనికి అలవాటైపోయింది.

గుమ్మం పక్క రేవులో చివరి పడవను నీళ్ళలోకి తోస్తున్నారు. పడవ ముక్కు గీత దాటగానే గుమ్మం గొంతు ఎప్పటిలాగే అడిగింది. "బయలుదేరుతున్న నివాసీ, ఎక్కడికి?"

పడవలో వాళ్ళెవరూ తల తిప్పలేదు. చేపల వేటకు పోయేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు, అపశకునం. అడిగితే వాడు ఆ రోజుకి పడవ వెనక్కి లాక్కోవలసిందే. ఈ గొంతు వచ్చిన కొత్తలో మూడు రోజులపాటు ఒక్క పడవా కదల్లేదు. తరవాత జనం దానికి చెవుడు నేర్చుకున్నారు. పలక మీది గడిలో జవాబు ఏదో ఒకటి పడకపోతే గొంతు ఆగదు కాబట్టి, ప్రతి పడవకూ 'సముద్రం' అని పోలిరాజే నింపుతాడు.

"దాని నోట్లో ఇసక పొయ్య," అంది గట్టు మీద బుట్ట అల్లుకుంటున్న బండెమ్మ. "నీ యంత్రానికి అమ్మా బాబూ లేరేట్రా పోలీ, సుద్దులు సెప్పడానికి?"

"నువ్వే చెప్పు అప్పా. నా మాట వినదు."

"ఇనదేటి. మా ముసిలోడి సంగతి ఇన్నాది కాదా."

అది నిజమే. రెండేళ్ళ కిందట బండెమ్మ మొగుడు అప్పన్న మీద, బరువులో తేడా వస్తే పడే ఎర్రగీత పడింది. సాయంత్రానికి మూడు కిలోలు పెరిగి అర్ధరాత్రికల్లా తగ్గిపోతున్నాడు, ఒకే పేరు మీద ఇద్దరు వంతులవారీగా ఉంటున్నారేమో చూడమని యంత్రం అడిగింది. పోలిరాజు వెళ్ళి చూసి, 'ఒక్కడే. కల్లు,' అని రాశాడు. ఆ రోజు నుంచి పదిహేడు వాడల్లోనూ తాగేవాడి మీద గీత పడలేదు. తూకరి కళ్ళారా చూసి చెప్పిన మాటను యంత్రం మళ్ళీ అడగదు. ఒకడి దగ్గర నేర్చుకున్నది ఊరందరికీ పూసేస్తుంది.

ఏడో వాడంటే నలభై ఎనిమిది ఇళ్ళు, నీళ్ళ మీద తేలే ఒక్కటే పీఠం. పీఠం కింద బోలు తొట్లు, తొట్లలో పీఠం ఒరగకుండా నిలిపే సరినీరు. ఉత్తరాన పెళ్ళికి జనం పోగైతే దక్షిణపు తొట్లలోకి నీళ్ళు గుడగుడమంటూ పరిగెడతాయి. ఎవరింట్లో ఎంత బరువుండాలో బరువుచీటీలో రాసి ఉంటుంది. పెరిగితే తాఖీదు, తగ్గితే తాఖీదు. పీఠం అడుగున, మూడు నిలువుల లోతున, పాత భీమిలి ఉంది. బాగా ఆటు తీసిన రోజున డచ్చివాళ్ళ సమాధుల మొనలు ముసలివాళ్ళ పళ్ళలాగా బయటపడతాయి. దీపస్తంభం ఒక్కటే నడుం లోతు నీళ్ళలో నిలబడి ఇంకా వెలుగుతోంది. సముద్రం ఊళ్ళోకి వచ్చినప్పుడు కలిగినవాళ్ళు పావురాలకొండ ఎక్కారు. వల తప్ప మరో విద్య రానివాళ్ళు పీఠాల మీద అద్దెకు దిగారు. ఇక్కడ అద్దెంటే నోటూ కాదు, నాణెమూ కాదు. చీటీలో రాసినంత బరువుగా, రాసినన్నాళ్ళూ, ఉండటమే అద్దె.

చెవిపూసలో శశిరేఖ గొంతు వినిపించింది. కొండమీద తూకపు మండలి కచేరీలో ఏడూ ఎనిమిదీ వాడలు ఆవిడ చేతికింద ఉంటాయి.

"పోలిరాజు గారూ, ముప్పై ఒకటో ఇల్లు. ఇరవై మూడు రోజులుగా తేడా చూపిస్తోంది. బోగిలి దానయ్య, యాభై ఎనిమిది కిలోలు. మీరే ఓసారి గీత చూడండి."

పోలిరాజు అరచేతి పలక తెరిచాడు. యంత్రం మనిషినీ సామానునీ ఒక్క సంగతితో విడదీస్తుంది. తిని తాగి రాత్రికి బరువెక్కి, తెల్లారేసరికి తగ్గేది మనిషి. మంచు తాగి తెల్లారేసరికి బరువెక్కి, ఎండ ముదిరేకొద్దీ తగ్గేది సామాను. కదలకుండా ఉండేదీ సామానే. దానయ్య తెల్లవారుజామున కిలో రెండొందలు పెరుగుతున్నాడు. మధ్యాహ్నానికి ఆ పెరిగిందంతా పోతోంది. పొడి పడమటి గాలి తోలిన నాలుగు రోజులూ బొత్తిగా పెరగనేలేదు.

అది చూడగానే అదేమిటో పోలిరాజు పోల్చుకున్నాడు. ప్లాస్టిక్ వలల్ని మాన్పించి మళ్ళీ నూలువలలు తెచ్చాక, మంచుకు నూలు ఎంత బరువెక్కుతుందో పల్లెలో పుట్టిన ఏ పిల్లాడికైనా భుజమే చెబుతుంది.

"ఏమంటారు?" అంది శశిరేఖ.

"చూడాలమ్మా."

"చూసి సాయంత్రం గుమ్మం దాటేలోగా రాసెయ్యండి. ఉంటే ఉన్నాడు, లేకపోతే లేడు. నాకూ సరదా కాదండీ. కొండమీద మూడొందల నలభై కుటుంబాలు ఖాళీ ఇంటి కోసం రేకుల కింద కూర్చుని రోజూ నా మొహమే చూస్తున్నాయి."

అబద్ధం రాసిన తూకరి ఇల్లు కూడా ఆ మూడొందల నలభైలో ఎవరికో ఒకరికి పోతుందని ఆవిడ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. తొమ్మిదో వాడలో పోలిరాజు భార్య, ఇద్దరు ఆడపిల్లలు కలిసి నూట ముప్పై ఒక్క కిలోలు ఉంటారు.

ముప్పై ఒకటో ఇంటి సముద్రపు గోడకు నీలం రంగు. గుమ్మంలో దానయ్య భార్య కాసులమ్మ కత్తిపీట ముందు కూర్చుని కవళ్ళ చేపలు బాగుచేస్తోంది. యాభై దాటిన మనిషి. పోలిరాజును చూసి కూడా చేతిపని ఆపలేదు.

"ఎర్రగీత మా ఇంటి మీదే పడ్డాదంట కదేటి."

"పడ్డాది వదినా. అన్నేడీ?"

"లోన తొంగున్నాడు."

లోపల నులకమంచం మీద ఎవరో దుప్పటి కప్పుకుని పడుకున్నట్టే ఉంది. భుజాలున్నచోట ఎత్తు, మోకాళ్ళున్నచోట మడత. పోలిరాజు దుప్పటి అంచు తీశాడు. దానయ్య పెద్దవల. చింతగింజల గంజి పట్టించి నల్లబడ్డ నూలు. ప్రతి ముడీ ఎడమచేతి వాటం. ఆ ముళ్ళు వేసే మనిషి వాడలో ఒక్కడే ఉండేవాడు.

దుప్పటి మళ్ళీ కప్పి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"వైశాకం వస్తే ఏడాది."

"వాడలో అందరికీ తెలుసా?"

"నీ యంత్రానికి తప్ప."

అతనికీ తెలుసు. తెలియనట్టు ఉండటానికి ఏడాదిపాటు ఈ గడప తొక్కలేదు, అంతే. ఆ రాత్రి దానయ్య వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. పడవలోని మిగతా ఇద్దరూ శవాలై ఒడ్డుకు కొట్టుకొచ్చారు. దానయ్య రాలేదు. శవం చూడనిదే చావు ఒప్పుకోవడం పల్లెలో లేదు. తలుపు మూయరు, బొట్టు తియ్యరు. పూర్వం పడవ వాటాల్లో అతని వాటా కూడా ఇంటికి చేర్చేవాళ్ళు. ఇప్పుడు వాటాకంటే ముందు బరువు కావాలి.

"ఒకటో వాడలో ఇలాగే ఇద్దరు ఇసక మూటలెట్టినారు," అంది కాసులమ్మ. "వారంలో దొరికిపోనారు. ఇసక కదల్దు కదా. అందుకని వల ఎట్టినాను. వలైతే తాగతాది, ఆరతాది. మనిసికీ దానికీ ఏటి తేడా అనుకున్నాను."

"తలకిందులు వదినా. మనిషి పొద్దున్నే తేలిక. ఇది పొద్దున్నే బరువు."

కత్తిపీట ఆగింది. ఆవిడ కాసేపు చేతిలోని చేపను చూసింది. ఏడాదిపాటు రోజూ మంచం మీద సర్ది, రాత్రి దుప్పటి కప్పి, అంత జాగ్రత్తగా నడిపిన సంసారంలో ఇంత చిన్న సంగతి తట్టలేదన్నట్టు.

"ఇన్నాళ్ళు ఊరుకున్నాదేటి మరి?"

"ఇన్నాళ్ళూ ముసురు, తరవాత చలి. నువ్వు లోపలే ఉంచేశావు, పొయ్యి సెగకీ చెమ్మకీ అటూ ఇటూ కదిలిందే గానీ గీత తేలలేదు. ఈ నెలే కిటికీ తెరిచావు."

"ఉక్కపోస్తాదని," అంది ఆవిడ. "ఆయనకి ఉక్క పడదు."

పోలిరాజు మాట మార్చాడు. "అన్నం వేళకి రెండేసి రాళ్ళు పెట్టు. తెల్లారగట్ల తీసెయ్. కిటికీ మూసెయ్. గీత తిన్నగా అవుతుంది."

"రాయా?" కాసులమ్మ మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "నువ్వు వల పట్టే బడే వోళ్ళ బిడ్డవేనేట్రా? రాయి ఎవుడి పక్కలో ఎడతారు? అడుక్కి దిగిపోనోడికి ఎడతారు. నా సేత్తో నాను లంగరు కట్టీమంటావా ఆయనకి?"

అతను తల దించుకున్నాడు. అది అతనికి తట్టి ఉండవలసింది. బిళ్ళ నడుముకు కట్టుకున్న పదకొండేళ్ళలో ఇలాంటివి ఒక్కొక్కటే రాలిపోయాయి.

"పోనీ నీళ్ళు," అన్నాడు నెమ్మదిగా. "తిండివేళకి ఒక చెంబెడు."

ఆవిడ లేచింది. చేతులు కడుక్కుని, పొయ్యి మీది కుండ దించి, చెంబుతో నీళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళింది. దుప్పటి తీసి, నూలు ఎక్కడ ఎంత పీల్చుకుంటుందో చూసుకుంటూ, తొందర లేకుండా పోసింది. తరవాతే పోలిరాజుకు పళ్ళెం పెట్టింది. ముందు ఇంటాయన, తరవాతే చుట్టం. కవళ్ళ పులుసు, వేడి అన్నం. అతను పళ్ళెం ఖాళీ చేశాడు.

"ఇది రేపట్నించీ పనికొస్తాది వదినా. ఇయ్యాల్టి మాట వేరు. ఇయ్యాల చూశానని నేను రాయాలి."

"నువ్వు సూడకపోతే?"

"ఇంకో తూకరి చూస్తాడు."

"అప్పుడు నాను ఎక్కడికి?"

"మెట్ట శిబిరానికి. అక్కడ మంచినీళ్ళు బాగుంటాయంటారు." ఆ మాట తన నోటికే చప్పగా తగిలింది.

కాసులమ్మ నవ్వింది. నవ్వులో కోపం లేదు. "ముప్పై కోసుల అవతల ఆయనకి తోవెవుడు సెప్తాడ్రా? ఆయనకి తెల్సిన తోవ ఒక్కటే. దీపస్తంబం ఎడం సేతికి రావాల, దాని పక్కకి నీలం గోడ రావాల. రెండూ ఒక వరస మీదకొస్తే ఇల్లొచ్చినట్టు. ఆ గోడకి రంగు ఎలిసిపోతే నానే ఏస్తన్నాను, ఏడాదికి రెండు మార్లు. వచ్చినోళ్ళు పచ్చరంగేసీసినారనుకో, అప్పుడేటి?"

రాడని అనడానికి పోలిరాజుకు నోరు రాలేదు. వస్తాడని అనడానికి ధైర్యం రాలేదు. పళ్ళెం కడిగి బోర్లించి బయటికి వచ్చాడు.

ఆ రోజు చూడవలసిన మిగతా పదిహేడిళ్ళూ ఎలా చూశాడో అతనికే తెలియదు. ఒకచోట పసిపిల్ల కొత్త బరువు రాసుకున్నాడు. ఒకచోట పనికిరాని ఇనపపెట్టె దించమన్నాడు. పొద్దు వాలేవేళకు గుమ్మం పలక ముందు నిలబడ్డాడు. పలక మీద రెండు గడులు వెలిగాయి. ఉన్నాడు. లేడు.

'లేడు' అంటే రేపు పడవ వచ్చి కాసులమ్మను ఎక్కించుకుంటుంది. 'ఉన్నాడు' అంటే ఎప్పుడో ఒకనాడు మరో తూకరి ఆ దుప్పటి తీస్తాడు, అప్పుడు తన పిల్లలు పడవెక్కుతారు. ఏ గడి నొక్కినా ఎవరో ఒకరు మెట్టకే. తనకు దొరికినదల్లా ఎవరు, ఎప్పుడు అన్నది మాత్రమే. ఇంత చిన్న అధికారాన్ని ఇంత బరువుగా ఎందుకు చేశారో అనుకున్నాడు.

"పోలిరాజు గారూ?" చెవిపూసలో శశిరేఖ.

"ఉన్నాడమ్మా. చూశాను."

గడి మెరిసింది. ఆ వెనకే యంత్రం అడిగింది. 'తెల్లవారుజామున బరువు పెరుగుటకు కారణం?'

దీని సంగతి అతను మరిచేపోయాడు. రోగమని రాస్తే వైద్యుడు వస్తాడు. తిండి అని రాస్తే గీతకు పొసగదు. అబద్ధం ఒకటి చెప్పినవాడికి రెండోది వెంటనే తట్టలేదు. తట్టింది నిజమే.

"మంచు," అన్నాడు.

పలక క్షణం ఆలోచించింది. స్వీకరించింది. పోలిరాజు దాని మీద నిలబడి మళ్ళీ మనిషయ్యాడు. అరవై మూడు కిలోల తొమ్మిది వందలు. ఐదొందలు ఎక్కువ. కాసులమ్మ పెట్టిన అన్నం.

మర్నాడు గంగమ్మ వారం. ఆ రోజు ఏ పడవా కదలదు. అంతకుముందు సాయంత్రమే నలభై ఎనిమిదిళ్ళ మీదా వలలు ఆరేస్తారు. ఇంటికొకటి కాదు, ఉన్నవన్నీ. తండ్రులవి, తాతలవి, వాడకపోయినా పారెయ్యలేనివి. పీఠం కొసల్లో నాటిన దండేల మీద అవి రాత్రంతా వేలాడుతూ మంచు తాగుతాయి.

తెల్లవారుతుండగా పోలిరాజు వచ్చేసరికి గుమ్మం దగ్గర జనం నిలబడి ఉన్నారు. గుమ్మం మీది లెక్కపలకలో రోజూ ఒకటే అంకె ఉంటుంది. నివాసులు: నూట తొంభై ఒకటి. ఇవాళ రెండొందల అరవై మూడు అని ఉంది. అతను చూస్తుండగానే అరవై నాలుగైంది.

బండెమ్మ ఒక్కతే వేళ్ళు ముడుచుకుంటూ ఏదో గొణుగుతోంది. దగ్గరికి వెళ్తే వినబడింది. పేర్లు. పెనుతుఫానులో తిరిగిరానివాళ్ళవి, దానికి ముందువి, ఆవిడ చిన్నప్పటివి. పలకలో అంకె పెరుగుతోంది, ఆవిడ వేళ్ళు చాలడం లేదు.

గుమ్మం గొంతు పలికింది. "పీఠం సామర్థ్యం మించినది. అదనపు నివాసులు డెబ్బై ముగ్గురు మూడు రోజుల్లో ఖాళీ చేయవలెను."

పీఠం మాత్రం కదల్లేదు. తొట్లలో నీళ్ళు గుడగుడలాడలేదు. మంచు తప్ప మరేం బరువు పెరగలేదని పీఠానికి తెలుసు. తెలియనిది దాన్ని చూసుకునే యంత్రానికే.

చెవిపూస మోగింది. శశిరేఖ గొంతులో నిద్ర లేదు. "పోలిరాజు గారూ, ఏం చేశారు మీరు? పదిహేడు వాడల్లో పద్నాలుగు వందల మంది పెరిగారు. ఖాళీ ఇల్లు ఒక్కటీ చూపించడం లేదు. కొండమీద వాళ్ళ జాబితా మొత్తం ఆగిపోయింది. వీళ్ళంతా ఎవరు?"

పోలిరాజు దండేల వైపు చూశాడు. మంచుకు బరువెక్కేదీ మనిషేనని యంత్రం నిన్న నేర్చుకుంది. నల్లటి వలలు, నీళ్ళోడుతూ, మనుషుల ఎత్తున.

"నిన్న మీరన్నది తప్పని ఒక్క మాట అనండి. అన్నీ వెనక్కి తిప్పేస్తాను. మీ ఇంటి సంగతి నేను చూసుకుంటాను. ఆ ముప్పై ఒకటో ఇల్లు ఒక్కటీ మాకు వదిలెయ్యండి."

ఆవిడ మంచి మనిషే. ఇస్తానన్నది ఇస్తుంది కూడా. పోలిరాజు పలక ముందు నిలబడ్డాడు. తనని తాను తీసేసుకోవాల్సిన వేళ. బిళ్ళ చేతిలో పట్టుకున్నాడు గానీ తాకించలేదు. గుంపులోంచి కాసులమ్మ వచ్చి పక్కన నిలబడింది. చేతిలో చెంబు ఉంది. ఆవిడ అంకెను చూడలేదు. అతన్ని చూసింది, ఏమీ అడగలేదు.

తూర్పున ఎండ పొడిచింది. మొదటి దండెం మీది వల చివరి నుంచి ఒక చుక్క రాలింది. ఆ వెనక ఇంకొకటి. లెక్కపలక మీద అరవై నాలుగు అరవై మూడైంది.

"చెప్పండి," అంది శశిరేఖ.

"చెప్పడానికేం లేదమ్మా. ఎండెక్కితే వాళ్ళే వెళ్ళిపోతారు. రేపు పొద్దున్న మళ్ళీ వస్తారు."

"వెళ్ళిపోతారా? ఎక్కడికి?"

పోలిరాజు చెవిపూస తీసి కాసులమ్మ చెంబులో వేశాడు. నీళ్ళలో అది ఇంకా 'ఎక్కడికి' అని అడుగుతూనే ఉంది. బిళ్ళను పలకకు తాకించకుండా నడుముకే వదిలేసి, అరవై మూడు కిలోల నాలుగు వందల బరువుతో, వాడలోకి అడుగు పెట్టాడు. పీఠం కింద, ఎక్కడో దక్షిణపు తొట్లలో, సరినీరు కదిలిన చప్పుడైంది.